నాణెం మీద మాట్లాడకూడదు

1983 అక్టోబరు 3, సోమవారం

ఇలాంటి రోజు ఏడాదికి ఒకటొస్తే గొప్ప. అందుకే రాసుకుంటున్నాను.

మధ్యాహ్నం లింకన్ ఊరి నుంచి ఒక పెద్దావిడ మా నాణేల వేలంశాలకి వచ్చింది. డోర్కస్ విట్లో అట. అల్లిక సంచీలోంచి ఉన్ని ఉండలు ఒక్కొక్కటే తీసి నా బల్ల నిండా పరిచి, అడుగు నుంచి జేబురుమాలు మూట పైకి తీసింది. విప్పితే రాణి ఆన్ కాలం నాటి వెండి క్రౌను. అరచేతి గుంటలో నిండుగా కూర్చునేంత నాణెం. నా ప్రాణం లేచొచ్చింది.

వాళ్ళాయన రైల్వేలో సిగ్నళ్ళు చూసేవాడట. జీవితంలో కొన్న మంచి నాణెం ఇదొక్కటే. ప్రతి ఆదివారం భోజనం అయ్యాక తీసి చూసుకుని మళ్ళీ పెట్టేసేవాడట. "పోయే ముందు ఒకటే చెప్పాడమ్మా, అమ్మాల్సొస్తే లండన్ వెళ్ళి హెస్టర్ పిల్లింగ్ చేతికే ఇవ్వు, ఆవిడ కన్ను పొరబడదు అని. ఇప్పుడు ఇంటి కప్పు కారుతోంది. వచ్చినదాంతో బాగుచేయించుకుంటా. ఆదివారాలు దాన్ని చూసేవాళ్ళు మాత్రం ఎవరున్నారు?" అంది.

భూతద్దం పెట్టి చూశాను. రాణిగారి చెంప కడిగిన ముత్యంలా ఉంది. ఒక్క గీత లేదు, ఒక్క మచ్చ లేదు. దాదాపు మూడు శతాబ్దాల వెండికి పట్టే ఆ నీలిబూడిద మసక, అంచు నుంచి అంచుకి సమంగా ఉంది. ఎంతసేపు చూశానో, తలెత్తేసరికి ఎడమ కన్ను తెరుచుకోనని మొరాయించింది. నలభై ఏళ్ళ అలవాటు. దేన్ని శ్రద్ధగా చూడాలన్నా ఆ కన్ను తనంతట తనే మూసుకుపోతుంది. బస్సు డ్రైవర్లకి కన్ను గీటుతావని పెర్సీ లమ్లీ వెక్కిరిస్తాడు. వాడు వ్యాపారి, వాడికన్నీ వంకరగానే తోస్తాయి.

ఇద్రిస్ వెనకనుంచి తొంగి చూసి "అబ్బ, ఏముంది మేడమ్!" అన్నాడు. అని, కూనిరాగం మొదలెట్టాడు. వేల్స్ వాళ్ళు పాడకుండా ఊపిరి కూడా తీసుకోలేరు కాబోలు.

"నోరు ముయ్యి. నాణెం మీద మాట్లాడకూడదు, పాడకూడదు. ఎన్నిసార్లు చెప్పాలి?" అన్నాను.

నోటి తుంపర కంటికి కనపడదు. నాలుగు రోజులు పోయాక అదే చోట నల్లగా పొక్కుతుంది. ఇక దాన్ని ఎవరూ ఏమీ చేయలేరు. తుడిచామా, ఇంకా చచ్చింది. నాలుగేళ్ళుగా నా పక్కన కూర్చుని పని నేర్చుకుంటున్నవాడికి ఇది రోజూ చెప్పాల్సి రావడం నా ఖర్మ.

అక్టోబరు 12, బుధవారం

మచ్చ.

వేలం కేటలాగుకి వివరం రాద్దామని ఇనప్పెట్టెలోంచి క్రౌను తీశాను. చెంప మీద, సరిగ్గా మధ్యలో, బూడిదరంగు మచ్చ. బల్ల దీపం కిందికి జరిపి చూశాను. నాణేన్ని తిప్పితే మచ్చ కూడా కాస్త జరిగినట్టుంది. వెలుగు మాయ. ఈ పాత బల్బులు మార్చమని టారంట్‌కి మొత్తుకుంటూనే ఉన్నాను.

వచ్చిన రోజు లేదు. నా కంటితో నేను చూశాను, లేదు.

ఇనప్పెట్టె తెరిచేది ముగ్గురం. టారంట్ యజమాని అన్నమాటే గానీ నాణేలు ముట్టుకోడు, మధ్యాహ్నం భోజనం, దానితో వైను, అవే ఆయన ముట్టుకునేవి. ఇక నేను. ఇక ఇద్రిస్.

అక్టోబరు 13, గురువారం

పిలిచి అడిగాను.

"దీని మీద పాడావా?"

"వచ్చిన మర్నాడు తూకం వేసేటప్పుడు... గొంతులో ఏదో ఆడి ఉండొచ్చు మేడమ్. అలవాటు. ఎందుకు?"

"చెంప చూడు."

భూతద్దం తీసుకుని చూశాడు. చాలాసేపు చూశాడు. "నాకేం కనపడలేదు మేడమ్."

"కనపడలేదా?"

వాడి చెవులు ఎర్రబడ్డాయి. మళ్ళీ చూశాడు. "మీరు అన్నాక... ఏదో ఉన్నట్టే ఉంది" అని గొణిగాడు.

చూశావా! మొదట బుకాయింపు, తర్వాత ఒప్పుకోలు. నాకు కోపం కన్నా దుఃఖం ఎక్కువొచ్చింది. బ్యాంకు ఉద్యోగం వదులుకుని నాణేల మీద పిచ్చితో నా దగ్గరికి వచ్చినవాడు.

టారంట్‌కి చెప్పకుండా ఎలా ఉంటాను? ఆయన నాణేన్ని చేతి దూరంలో పట్టుకుని, కళ్ళు చికిలించి, "ఆఁ, ఉంది ఉంది, స్పష్టంగా ఉంది" అన్నాడు. కళ్ళజోడు కూడా పెట్టుకోలేదు మహానుభావుడు. ఇద్రిస్‌ని ఇనప్పెట్టె దగ్గరికి రానివ్వద్దన్నాడు. వేలం అయ్యేదాకా ఉంచి, మర్నాడు పంపించేస్తాడట.

"వాడి పేరు బజారున పడేయకండి. ఈ లైన్లో నాణెం పాడుచేశాడని పేరొస్తే మళ్ళీ ఎవరూ చేరనివ్వరు" అన్నాను.

"అడిగితే అబద్ధం చెప్పమంటారా, హెస్టర్?" అన్నాడు.

నిజమే.

అక్టోబరు 14, శుక్రవారం

కేటలాగు అచ్చుకి వెళ్ళింది. "రాణి చెంపపై మచ్చ." వేలంపాట మొదలయ్యే ధర తగ్గించాం.

అక్టోబరు 18, మంగళవారం

వంటింటి కిటికీ చట్రం వంగింది. నిలువు కర్ర నడుమ దగ్గర లోపలికి, ఎవరో మోకాలితో తన్నినట్టు. ఈ ఇల్లు ఎటో కుంగుతోంది. రేపు నా నెత్తిమీద పడితే గానీ ఇంటివాడికి తెలియదు. వడ్రంగికి కబురు పెట్టాను.

బస్సు నంబర్లలో మధ్య అంకె రాయడం మానేశారు ఈ మధ్య. రంగు ఆదా చేస్తున్నారు కాబోలు. ఇవాళ తప్పు బస్సెక్కి ఎక్కడో దిగి తడిసి ముద్దయ్యాను.

అక్టోబరు 20, గురువారం

వడ్రంగి స్టబ్స్ వచ్చాడు. రసమట్టం తీసి చట్రానికి అడ్డంగా పెట్టాడు, నిలువుగా పెట్టాడు. బుడగ నడిమధ్యలో నిలబడింది.

"తాడు పట్టినట్టుంది మేడమ్. దీన్ని కట్టినవాడు బతికుంటే దండం పెడతాను."

"వంగింది కనపడటం లేదా? ఇదిగో, ఇక్కడ!"

నా వేలి వంక చూశాడు. తర్వాత నా వంక చూశాడు. "టీ తాగారా పొద్దున్న?" అని అడిగాడు. ఎంత పొగరు! డబ్బు కూడా పుచ్చుకోకుండా పోయాడు. అదే ఇంకా మండింది నాకు.

రసమట్టం పాతదై ఉంటుంది.

అక్టోబరు 26, బుధవారం

రాయడానికే భయంగా ఉంది.

విక్టోరియా రాణి అర్ధపెన్నీలు తీశాను. మొదటి దాని మీద మచ్చ. చెంప మీద. రెండో దాని మీద కూడా. మూడో జార్జి రాజు రాగి పెన్నీ, చెంప మీద. చార్లెస్ షిల్లింగు, చెంప మీద. ఒకటే మచ్చ, ఒకటే చోట. ఇనప్పెట్టెలోని రాజులూ రాణులందరికీ ఒకే రోగం అంటుకున్నట్టు.

చెమ్మ. లోపల చెమ్మ చేరి ఉంటుంది. ఇనప్పెట్టె మొత్తం ఖాళీ చేయించి ఆరబెట్టమన్నాను. "వేలం ముంగిట ఇదేం గోల, హెస్టర్" అన్నాడు టారంట్. అయినా చేయించాడు. లోపల ఎండుగడ్డిలా పొడిగా ఉందట.

ఇద్రిస్ ఇటువైపు రాక రెండు వారాలు కావస్తోంది. మరి ఈ మచ్చలు ఎవరు...

ఆలోచించను.

అక్టోబరు 27, గురువారం

ఆలోచించలేదు.

నవంబరు 2, బుధవారం

డోర్కస్ విట్లో ఫోను. అచ్చయిన కేటలాగు పోస్టులో అందిందట. పక్కింటావిడ చదివి పెట్టిందట.

"మచ్చ అని రాశారట కదమ్మా. మా ఆయన ప్రతి ఆదివారం చూసేవాడు. మచ్చ మాట ఎప్పుడూ అనలేదు."

"ఈ మధ్యే వచ్చిందండీ. వెండి కదా" అన్నాను.

"మీరు చూశారు కాబట్టి ఉండే ఉంటుంది లెండి. నేనేదో మాటవరసకి అన్నాను. కప్పు సగమైనా వేయించుకుంటా. వేలానికి నేనూ వస్తాను, ఆయన ఉంటే వచ్చేవాడు."

ఆవిడ తిడితే బాగుండేది. నమ్మింది.

బయటికొస్తే ఇద్రిస్ మెట్ల దగ్గర పెట్టెలకి చీటీలు అంటిస్తున్నాడు. ఇప్పుడు వాడి పని అదే. పాడటం లేదు. వాడు పాడక ఎన్నాళ్ళయిందో నేను గమనించనే లేదు.

"ఎక్కడికి వెళ్తావు?" అన్నాను.

"ఊరికి. మా మామ గొర్రెల మందకి మనిషి కావాలట." నవ్వబోయి ఆగాడు. "వాటి మీద పాడినా మచ్చలు రావు కదా మేడమ్."

నవంబరు 5, శనివారం

ఏటా ఈ రాత్రికి మామూలే, వీధిలో పిల్లలు గడ్డిబొమ్మని తగలబెడుతున్నారు. టపాసులు. కిటికీ దగ్గర కూర్చుని చూశాను. ఆకాశంలో ప్రతి వెలుగుపువ్వూ నడిమధ్యలో బోలుగా విచ్చుకుంటోంది. చుట్టూ నిప్పురవ్వలు, మధ్యలో ఏమీ లేదు.

అమ్మ గుర్తొచ్చింది. ఒకరోజు టీ తాగుతూ గోడ వంక చూసి అంది, "హెస్టర్, గడియారం ముళ్ళు ఎవరు పీకేశారే?" నవ్వాను నేను. ముళ్ళు అక్కడే ఉన్నాయి. తర్వాత నా ముఖం మధ్యలోంచి పోయింది ఆవిడకి. నాతో మాట్లాడేటప్పుడు నా చెవి వంక చూసేది. అలా పక్కనుంచి చూస్తే ముక్కు కనపడుతుందని చెప్పేది. చివరి ఏళ్ళు కుర్చీలో గోడవైపు తిరిగి కూర్చునేది. "ఎటు తిరిగితేనేం" అనేది.

అమ్మకి అప్పుడు అరవై రెండు. నాకూ వచ్చే మార్చికి అంతే.

టపాసులు నాసిరకం ఈ ఏడాది.

నవంబరు 6, ఆదివారం

నిన్నటిది చదవలేదు. చదవను.

నవంబరు 21, సోమవారం

ఇవాళ్టి నుంచి చూపులు. వేలానికి ముందు కొనదలచినవాళ్ళు వచ్చి నాణేలు చేత్తో పట్టుకుని చూసుకునే రోజులు. బల్లల చుట్టూ వ్యాపారులు, ఒక్కొక్కడి కంటికి ఒక భూతద్దం, ఒక్కడి నోరూ పెగలదు. నాకు లోకంలో అన్నిటికన్నా ఇష్టమైన నిశ్శబ్దం.

పెర్సీ లమ్లీ క్రౌను చూసి, పక్కన పెట్టి, నన్ను మూలకి పిలిచాడు.

"హెస్టర్ తల్లీ, ఏదీ ఆ మచ్చ? నాకూ చూపించు, పుణ్యం ఉంటుంది."

"చెంప మీద ఉందిగా."

"ఎవరి చెంప మీద?" ముసిముసిగా నవ్వాడు. "నాతో దాస్తావేంటి? నలభై ఏళ్ళలో నువ్వు ఇలాంటి పని చేయగా చూడలేదు. ఎవరి కోసం ధర దింపావు? చెబితే నేను పక్కకి తప్పుకుంటా. చెప్పకపోతే నేనే పాడతా. మచ్చ లేదన్న సంగతి మావాళ్ళెవరూ ఎత్తరు, అలా అనుకున్నాం. చవగ్గా వచ్చేదాన్ని ఎవడు వదులుకుంటాడు?"

గోడ పట్టుకున్నాను. నన్ను దొంగ అంటున్నాడు. అదీ మెచ్చుకుంటూ అంటున్నాడు!

"లేదా, నిజంగానే? మచ్చ లేదా?" అని అడిగాను. నా గొంతు నాకే చిన్నపిల్ల గొంతులా వినపడింది.

నవ్వు ఆపేశాడు వాడు. "తల్లీ, ఒంట్లో బాగుందా?"

నవంబరు 22, మంగళవారం

అందరూ భోజనానికి వెళ్ళాక తలుపు గడియపెట్టి క్రౌను తీశాను. భూతద్దం పెట్టాను. ఎడమ కన్ను మూసుకుంది. చెంప మీద మచ్చ.

అప్పుడు ఇంతవరకూ చేయని పని ఒకటి చేశాను. కుడి కన్ను అరచేత్తో మూసి, ఎడమ కంటికి భూతద్దం పెట్టాను. ఆ కన్ను అలవాటు లేక నీళ్ళు కార్చింది, రెప్ప కొట్టుకుంది. ఆగింది.

రాణిగారి చెంప కడిగిన ముత్యంలా ఉంది.

కుడి కన్ను. మచ్చ. ఎడమ కన్ను. లేదు. కుడి. ఎడమ. ఎన్నిసార్లు చేశానో. చివరికి నాణెం పెట్టేసి తెల్లగోడ వంక చూశాను, కుడి కంటితో. గోడ మీద కూడా ఉంది.

అమ్మా.

సాయంత్రం టారంట్ గదికి వెళ్ళి చెప్పాను, మొత్తం. రేపు పాటకి ముందు సవరణ చెప్పమన్నాను. వేలం బల్ల మీద నిలబడి ఇది ఇలా కాదు అలా అని పైకి చెప్పడం మా దగ్గర ఆనవాయితీ. చెబితే కేటలాగులో అచ్చయినది రద్దయినట్టే.

ఆయన ముఖం పాలిపోయింది. "హెస్టర్, మా కేటలాగు రాసే మనిషికి కళ్ళు కనపడవని నేను నోటితో చెప్పాలా? రేపటి నుంచి మన గుమ్మం ఎవరు తొక్కుతారు? మీ గతేంటి? ఇంతకుముందు మీరు రాసినవన్నీ తిరగదోడరూ?" తర్వాత మెల్లగా, లాలనగా, "ఇంట్లో కొన్నాళ్ళు విశ్రాంతి తీసుకోండి. ఎవరికీ తెలియక్కర్లేదు. ఆవిడకీ ఎంతోకొంత వస్తుంది. కుర్రాడు ఎలాగూ వెళ్ళిపోతున్నాడు."

ఎందుకు అబద్ధం, నాకు హాయిగా అనిపించింది. ఎవరికీ తెలియక్కర్లేదు! ఇంటికొచ్చేదాకా ఆ మాటే పట్టుకుని నడిచాను. ఇంటికొచ్చాక వంటింటి కిటికీ చట్రం వంగి కనపడింది.

భయంగా ఉంది. చీకటి అంటే కాదు. పనికిరాకుండా పోవడమంటే. కుర్చీ గోడవైపు తిప్పుకుని కూర్చోవడమంటే. నాకు ఈ పని తప్ప ఏం వచ్చు?

నవంబరు 23, బుధవారం

రాయాలి.

హాలు నిండిపోయింది. ముందు వరసలో పెర్సీ, వాడి జట్టు. వెనక వరసలో డోర్కస్ విట్లో, ఒళ్ళో అల్లిక. ఇద్రిస్‌కి ఆఖరి పని ఇచ్చారు, ఒక్కో నాణెం పాటకి వచ్చినప్పుడు పళ్ళెంలో పెట్టి ముందు వరస వాళ్ళకి చూపడం. చేతులు చాచి, పెదాలు బిగించి నిలబడ్డాడు.

భోజనం ముందు నాకు ధైర్యం ఉంది. భోజనం తర్వాత లేదు. క్రౌను వంతు వచ్చేసరికి అసలే లేదు. వెళ్ళిపోదామనే లేచాను, ఒట్టు. తలుపు వైపే రెండడుగులు వేశాను. టారంట్ చదువుతున్నాడు, "రాణి ఆన్, క్రౌను, చెంపపై..." అప్పుడు వెనక వరసలో డోర్కస్ విట్లో అల్లిక ఆపి, తప్పు చేసినదానిలా తల దించుకుంది. మచ్చ ఏదో తన వల్లే వచ్చినట్టు.

"ఆగండి. సవరణ ఉంది" అన్నాను.

టారంట్ సుత్తి గాల్లోనే ఆగింది. నేను ముందుకొచ్చి ఇద్రిస్ పక్కన నిలబడ్డాను. మనుషుల ముఖాల వంక చూడలేకపోయాను, చూసినా నడుమ భాగం కనపడదు. పళ్ళెంలోకి వంగి, నాణేన్ని చూస్తూ చెప్పాను.

"చెంప మీద మచ్చ ఉందని కేటలాగులో రాసింది నేను. మచ్చ లేదు. ఎప్పుడూ లేదు. ఆ మచ్చ నా కంట్లో ఉంది. నా కుడి కన్ను పోతోంది. ఈ నాణెం నా దగ్గరికి వచ్చిన రోజు ఎలా ఉందో అలాగే ఉంది. ఇద్రిస్ ప్రోబర్ట్ దీన్ని పాడుచేశాడని నేను అన్నాను. అది అబద్ధం. అతను చూసి మచ్చ లేదన్నాడు, నేను వినలేదు. ఇక మీదట మీకు కన్ను కావాలంటే..."

కళ్ళల్లో నీళ్ళు, నోట్లో మాట రావడం లేదు, అయినా పెదాలు ఆడుతూనే ఉన్నాయి.

అప్పుడు పళ్ళెం నా ముఖం కిందనుంచి మెల్లగా పక్కకి జరిగింది. ఇద్రిస్.

"మేడమ్, నాణెం మీద మాట్లాడకూడదు" అన్నాడు, నాకు మాత్రమే వినపడేలా.

నవ్వొచ్చిందో ఏడుపొచ్చిందో తెలియదు. ఏదో పెద్ద శబ్దమే చేశాను. వాడు ఒక చేత్తో పళ్ళెం, ఇంకో చేత్తో నా మోచేయి పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టాడు.

ముందు పెర్సీయే పాడాడు. నా వంక చూడకుండా, తగ్గించిన ధర కాదు, అసలు ధర. జట్టువాళ్ళు వాణ్ని తినేసేలా చూశారు. ఇక అక్కణ్ణుంచి పాట ఆగలేదు. డోర్కస్ విట్లో కప్పుకీ గోడలకీ కూడా సరిపోయేదాకా పోయింది. ఎవరికి దక్కిందో నాకు తెలియదు. నేను కళ్ళు మూసుకునే ఉన్నాను.

నవంబరు 24, గురువారం

టారంట్ ఫోను చేశాడు. ఇద్రిస్‌ని ఉంచుకుంటాడట. నన్ను రావద్దనలేదు, రమ్మనీ అనలేదు. పొద్దున్న మూడు చోట్ల నుంచి పాత కొనుగోళ్ళు మళ్ళీ చూడమని అడిగారట. అడుగుతారు. నేనైనా అడిగేదాన్ని.

ఎడమ కంటితో ఈ పేజీ చూశాను. గీతలు తిన్నగానే ఉన్నాయి. రోజుకి ఎన్నిసార్లు చూసుకుంటానో ఇక. లేచినప్పుడల్లా, కిటికీ చట్రం దగ్గరికి వెళ్ళి, కుడి కన్ను మూసి.

రేపు కంటి ఆసుపత్రి. చాలా భయంగా ఉంది. ఒక్కదాన్నే వెళ్తానన్నాను. ఇద్రిస్ ఒప్పుకోలేదు. బస్సు నంబరు తను చూస్తాడట.